మాస్టారి పేరు చెక్కిన కలం

నా ఒంటి మీద ఒక తెలుగు మాస్టారి పేరు చెక్కి ఉంది. అయినా నేను ఆయన జేబులో ఉన్నది ఒక్క వానాకాలమే. ఆయన నన్ను తిరిగి ఇచ్చేశారు. అందుకు నాకు ఆయన మీద కోపం లేదు సరికదా, గౌరవం పెరిగింది. ఎందుకో చెబుతాను.

నేను పుట్టింది రాజమండ్రిలో. నల్లటి ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, లోపల దొలిచి, మరలు కోసి, నాలుక అమర్చి, పాళీ బిగించారు. మా ఊళ్లో ఈ పని పాతదే. కె.వి. రత్నం గారు స్వదేశీ కలం చేసి గాంధీజీకి అందజేస్తే, ఆయన 1935లో వార్ధా నుంచి స్వయంగా జవాబు రాశారు. కలం వాడి చూశాననీ, బజారులో దొరికే విదేశీ కలాలకు బదులు ఇది పనికొస్తుందనీ. ఆ ఉత్తరం సంగతి మా ఊరి కలాలన్నిటికీ గర్వకారణం. అందులో నాకు నచ్చేది ఒక్కటి: ఊరికే పొగడలేదు, వాడి చూసి, ఎలా ఉందో రాశారు.

నన్ను కొన్నాయనకు కడియం దగ్గర చిన్న నర్సరీ ఉంది. అంట్లు కట్టి చేతులు మొద్దుబారిన మనిషి. ఆయన కొడుకు ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఎనిమిదిలోకి వచ్చినా ఆ పిల్లాడు ఒత్తుల దగ్గర ఆగిపోయేవాడట. చదవమంటే కడుపునొప్పి అనేవాడట. తెలుగు మాస్టారు బడి వదిలాక రోజూ అరగంట కూర్చోబెట్టి, దినపత్రిక ముందుంచి, వేలితో అక్షరం అక్షరం చూపిస్తూ ఏడాది పాటు చదివించారు. పైసా అడగలేదు. తండ్రికి అది గుండెల్లో నిలిచిపోయింది. దుకాణంలో నా మీద పేరు చెక్కుతుంటే, అక్షరం వంకర పోకూడదండీ అని ఒకటికి రెండుసార్లు చెప్పడం విన్నాను. ఆ కృతజ్ఞతలో మచ్చుకైనా కల్తీ లేదని నేను సాక్ష్యం చెప్పగలను.

సెప్టెంబరు 5న నన్ను బడికి తెచ్చారు. రాధాకృష్ణన్ గారి పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా 1962 నుంచి జరుపుకుంటున్నారు. తన పుట్టినరోజు ఉపాధ్యాయులందరి రోజు కావాలని కోరుకున్న మనిషి పేరు మీద జరిగే పండుగ అది. ఆ రోజు బల్ల మీద గోడ గడియారాలు, శాలువాలు, ఫొటో ఫ్రేములు పేర్చి ఉన్నాయి. పెద్ద తరగతుల పిల్లలు తలా వంద వేసుకుని కొన్నవి. వంద తేలేని వాళ్ల పేర్లు ఒక నోట్సు పుస్తకం వెనక అట్ట మీద రాశారు. అలా రాసినవాళ్లూ పిల్లలే. వాళ్లకు అందులో తప్పేమిటో తెలియదు. ఆ పేర్లలో ఉన్న ఒక అమ్మాయి ఆ రోజు బడికి రాలేదు. వాళ్లమ్మ నర్సరీల్లో మట్టి సంచులు నింపే కూలికి వెళుతుంది. జ్వరమేమో అనుకున్నారు మాస్టారు. కాదని రెండు రోజుల తర్వాత పక్క బెంచీ అమ్మాయి చెప్పింది. ఆయన ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యలేదు.

అందరి ముందూ చేతిలో పెట్టారు కాబట్టి నన్ను కాదనలేకపోయారు. ఎర్ర సిరా పోశారు. ఎస్‌ఏ-1 పరీక్ష పేపర్లు దిద్దడం మొదలైంది. ఆయన చెయ్యి తేలికైన చెయ్యి. అంకె వేసేటప్పుడు కూడా పాళీని నొక్కరు. కట్టలో సగానికి పైగా సాఫీగా వెళ్లాం. అప్పుడు నర్సరీ ఆయన కొడుకు పేపరు వచ్చింది.

పద్యానికి భావం రాయమన్న ప్రశ్న. పిల్లాడికి విషయం తెలుసు, వాక్యాలు మాత్రం కుదరలేదు. రెండున్నర ఇవ్వొచ్చు, మూడూ ఇవ్వొచ్చు. వేరే పిల్లాడిదైతే ఆయన అర నిమిషంలో తేల్చేవారు. ఇక్కడ ఆగిపోయారు. మూడిస్తే కలం ఇచ్చినందుకా? రెండున్నరిస్తే, కలం ఇచ్చినా లొంగలేదని తనకు తాను రుజువు చేసుకోవడానికా? నన్ను పేపరు మీదే పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. సిరా అడుగంటినప్పుడు నాలాంటి కలాన్ని అలా పట్టుకుంటే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను బయటికి తోస్తుంది. మార్జిన్‌లో ఎర్రటి బొట్టు పడింది. మాస్టారు నాకు మూత పెట్టి, మామూలు ఎర్ర బాల్‌పెన్ను తీసుకున్నారు. ముందు దిద్దిన పేపర్లన్నీ వెనక్కి తిప్పి, అదే ప్రశ్న దగ్గర తాను ఎవరెవరికి ఎంతిచ్చారో చూసుకుని, అప్పుడు అంకె వేశారు.

ఆ అంకె ఎంతో చెప్పను. ఎంతైనా న్యాయమైన అంకే. కానీ నిజాయితీపరుడైన మనిషికి అంత పని పెట్టింది నేను. లంచం తీసుకునేవాడికి కానుక బరువు కాదు. తీసుకోని వాడికే అది బరువు. మంచి మాస్టారికి కృతజ్ఞత చూపాలని ఇచ్చిన వస్తువు, ఆ మంచితనం మీదే వెళ్లి కూర్చుంటుంది. ఇది తల్లిదండ్రులకు కనిపించదు. వాళ్లకు ఇచ్చేటప్పటి మొహమే కనిపిస్తుంది, రాత్రి పేపర్ల కట్ట ముందు మొహం కనిపించదు.

మరుసటి ఆదివారం మాస్టారు నన్ను జేబులో పెట్టుకుని నర్సరీకి వెళ్లారు. గులాబీ అంట్ల వరుసల మధ్య ఇద్దరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు.

"అదేంటి మాస్టారూ! బంగారం ఇచ్చానా అండీ? కలమే కదండీ" అన్నాడాయన. మొహం చిన్నబోయింది.

"బంగారమైతే తేలిగ్గా కాదనేవాణ్ణి. కలం కాబట్టే ఇన్నాళ్లు పట్టింది."

"గురుదక్షిణ మనకి ఉన్నదే కదండీ. మా తాత మీ అయ్యవార్లకి బస్తా ధాన్యం పంపేవాడంట."

మాస్టారు కాదనలేదు. తన తాత వీధిబడి అయ్యవారేనని చెప్పారు. దసరా వస్తే పిల్లల చేతికి పూల విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తీసుకెళ్లేవారట. పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి కట్నం. "అది కానుక కాదండీ, ఆయన జీతం. ఊరు ఇవ్వకపోతే ఇచ్చేవాడు లేడు. నాకు ప్రభుత్వం ఇస్తోంది. 1964 నుంచి మాకు ప్రవర్తనా నియమావళి ఉంది, కానుకల సంగతి అందులో రాసే ఉంది. అది పక్కన పెట్టినా, దక్షిణ ఎప్పుడిస్తారు చెప్పండి? చదువు అయిపోయాక. రఘువంశంలో కౌత్సుడు అన్ని విద్యలూ ముగించాకే అడిగాడు, ఏమివ్వమంటారని. అప్పుడు కూడా వరతంతు మహర్షి, నీ భక్తే చాలు పొమ్మన్నాడు. కుర్రాడు పట్టుబట్టి విసిగించాకే పద్నాలుగు కోట్లు తెమ్మన్నది. మీవాడి పేపర్లు నేనింకా ఏడాదిన్నర దిద్దాలి."

తర్వాత ఆ అమ్మాయి సంగతి చెప్పారు, పేరు చెప్పకుండా. నర్సరీ ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ తల్లి ఎవరో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. కడియం చుట్టుపక్కల సంచులు నింపే వాళ్లు ఆయనకు తెలియని వాళ్లు కారు.

"మరి నా మనసులో ఉన్నది ఎలా చెప్పుకోనండీ?"

"ఒక కాగితం మీద రాయండి."

"నాకు రాయడం రాదండీ."

"మీరు చెప్పండి, మీవాడు రాస్తాడు."

ఆ రాత్రి నాలోని ఎర్ర సిరా కడిగి నీలం పోశారు. తండ్రి చెబుతున్నాడు, కొడుకు రాస్తున్నాడు. మొదట, మీరు దేవుడు లాంటివారు అని మొదలుపెట్టి, బాగాలేదని కొట్టేయించాడు. కాసేపు ఆలోచించి ఇలా చెప్పాడు: మొన్న ఆగస్టులో గోదావరి పెరుగుతున్నప్పుడు మావాడు మా అమ్మకి పేపరు చదివి వినిపించాడు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటింది, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు అని. ఎక్కడా ఆగలేదు. ప్రమాద హెచ్చరిక అన్న మాట కూడా ఆగకుండా చదివాడు. మా అమ్మ లంకలో పుట్టిన మనిషి, వరద కబురు ఇంట్లో పిల్లాడి నోటి నుంచి వినడం ఆమెకి అదే మొదలు. ఇది మీ అరగంటల వల్ల.

పిల్లాడు మూడు చోట్ల ఒత్తు తప్పి, రెండు చోట్ల తనే దిద్దుకున్నాడు. మూడోది అలాగే వెళ్లింది. నా పాళీ కింద ఎన్నో అంకెలు పడ్డాయి గానీ, ఆ మాస్టారి పని గురించి ఇంత నిజంగా చెప్పిన వాక్యాలు ఆ రాత్రే పడ్డాయి.

ఇచ్చే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. పాఠం చెప్పే మనిషికి ఎవరూ ఏమీ చెప్పకపోవడం కంటే కలం ఇవ్వడం నయమే. పిల్లలు రోజంతా తిన్నదేమిటో అడిగి, బస్సు ఆలస్యమైతే ఫోన్ చేసే ఇళ్లలో, ఫలానా పాఠం మా పాపకు బాగా పట్టిందండీ అని ఒక్కసారి కూడా చెప్పని వాళ్లే ఎక్కువ. ఆ లోటును సెప్టెంబరులో ఒక గడియారంతో పూడ్చాలనుకుంటారు. గడియారం అందరికీ ఒక్కటే. ఏ పిల్లకు ఏమి మారిందో అది చెప్పదు. రాసిన కాగితానికి వంద రూపాయలు అక్కర్లేదు. సంచులు నింపే తల్లీ, నర్సరీ యజమానీ అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. బడి వదిలి వెళ్లాక, మార్కులూ టీసీలూ అన్నీ అయిపోయాక, చేతిలో ఏదైనా పెట్టాలనిపిస్తే అప్పటి మాట వేరు.

ఇప్పుడు నేను నర్సరీ బల్ల మీద ఉంటాను. మల్లె అంటు ఎంత, మామిడి అంటు ఎంత, ఏ లారీకి ఎన్ని మొక్కలు ఎక్కాయి, ఇవే నా రాతలు. మొన్న పక్క వీధి ఆయన వచ్చాడు, వాళ్లమ్మాయి లెక్కల టీచరుకి ఏదైనా ఇద్దామని, మంచి కుండీ మొక్క చూపించమని. నర్సరీ ఆయన లేచి మొక్కలవైపు నడవలేదు. సొరుగులోంచి తెల్లకాగితం తీసి, నన్ను దాని మీద పెట్టి, కుర్చీ జరిపాడు.

"కూర్చోండి. ముందు ఆ టీచరు గారు మీ పాపకి ఏం చేశారో చెప్పండి."