సుగ్గికి పోయిన గ్రామసభ

కర్నూలు జిల్లా పెద్దకడుబూరు మండలంలో ప్రజల భాగస్వామ్యానికి లోటేమీ లేదు. కాకపోతే ఆ ప్రజలే ఊళ్ళో ఉండరు. పత్తి ఏరడానికి, మిరప కోయడానికి మూటాముల్లె సర్దుకుని, పిల్లాజెల్లాతో గుంటూరు దిక్కు సుగ్గికి పోతారు. ఇళ్ళకు తాళాలు పడతాయి, అరుగుల మీద ముసలివాళ్ళు మిగులుతారు. సరిగ్గా అప్పుడే సర్కారుకు ఊరి భవిష్యత్తు గుర్తొస్తుంది. కేంద్రం 2018లో పెట్టిన 'సబ్‌కీ యోజన, సబ్‌కా వికాస్' అనే గ్రామసభల ప్రణాళికా కార్యక్రమం గాంధీ జయంతి నాడు మొదలై చలికాలంలోకి సాగుతుంది. ప్రణాళిక అందరిదీనూ. ఆ అందరూ పరాయి జిల్లాల చేలల్లో ఉంటారు.

చట్టాన్ని తప్పుపట్టలేం. 1994 పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టమంది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టి ప్రపంచ రికార్డు కూడా కొట్టాం. ఎన్ని ఊళ్ళలో సభ జరిగిందో లెక్కకెక్కింది. ఎవరేం అడిగారో లెక్కకెక్కించే సంస్థ ఇంకా పుట్టలేదు.

సభ చూడనివాళ్ళ కోసం చిన్న నమూనా. ఒక ముసలాయన లేస్తాడు. "సారూ, వంకలో ప్లాట్లేసినారు. వానొస్తే నీళ్ళు యాడికి పోవాల?"

"అది ఎజెండాలో లేదు పెద్దాయనా. ఫొటోకు కొంచెం ముందుకు రా."

ఫొటో యాప్‌లోకి పోతుంది. ప్రశ్న ముసలాయనతో ఇంటికి పోతుంది.

సభ ఊరిని గీయకపోతే గీసేవాళ్ళు వేరే ఉన్నారు. నల్లరేగడి చేలో ఎర్రమన్ను పరిచి, తెల్లరాళ్ళు పాతి, గేటు దగ్గర రెండు కొబ్బరి మొక్కలు నాటి 'వెంచర్' అంటారు. పచ్చదనం కోటా ఆ రెండు మొక్కలతో సరి. నిబంధన ప్రకారం లేఅవుట్‌లో పదోవంతు జాగా పార్కుకూ ఆటస్థలానికీ వదలాలి. వదలకపోతే కొంపేం మునగదు, క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2020లో వచ్చింది, 2025లో మళ్ళీ వచ్చింది. లేని జాగాకు బదులు రుసుము కట్టించుకుంటారు. జాగా మింగేది ఒకడు, కట్టేది ప్లాటు కొన్నవాడు. ఇక పిల్లలు ఆ రసీదు మీద కబడ్డీ ఆడుకోవచ్చు.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైన కట్టిన గోడను తనతోపాటు కదిలిస్తుంది. ఏ వంకన నీళ్ళు దిగుతాయో, ఏ దిబ్బ మీద ఇల్లు నిలుస్తుందో ఈ నేలను దున్ని బతికిన కూలికి తెలుసు. అడిగితే చెబుతాడు. అడగడానికే కదా గ్రామసభ పెట్టింది!

అధికారులకు ఒక విన్నపం. సభను ఉగాది దాటాక పెట్టండి. సుగ్గికి పోయినవాళ్ళు తిరిగొచ్చి ఉంటారు, వానలకూ ఇంకా గడువుంటుంది. ఊరి పటం మీద ముందు వంకలు, కుంటలు, మేత పోరంబోకులు గీయించండి, మిగిలిన చోట ప్లాట్లు గీద్దురుగాని. అలా కాదు, సుగ్గి కాలంలోనే పెట్టి తీరాలంటారా, గుంటూరు మిరప తోటల కాడికే రండి. జనం నిండుగా ఉంటారు, ఫొటో కూడా ఎర్రగా బాగా వస్తుంది.