చెంచాతో రోగనిర్ధారణ

పిల్లాడికి మోషన్సు పట్టుకున్నాయని మెడికల్ షాపుకెళ్తే అర నిమిషంలో రోగం తేలిపోతుంది. పేగులో దూరింది ఏ క్రిమి అన్న చాదస్తం అక్కడ లేదు. "బాబుకి ఎన్నేళ్లండీ?" అన్నదొక్కటే పరీక్ష. జవాబు పూర్తయ్యేలోగా ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సీసా కౌంటర్ మీదికొస్తుంది. చెంచానా, అర చెంచానా అన్నదే మిగిలిన వైద్యశాస్త్రం. ఇందులో గొప్ప తర్కం ఉంది. బాక్టీరియా అయితే మొదటి మందుకు చస్తుంది, అమీబా అయితే రెండోదానికి చస్తుంది, వైరస్ అయితే ఎవరికీ చెప్పకుండా దానంతటదే పోతుంది. ఎటు తిరిగినా పేరు సీసాకే. పసిపిల్లల నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకమే కాబట్టి సీసా పరువు ఇంతవరకూ పోలేదు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదని చట్టం ఉందిట. ఆ సంగతి షాపులో గోడకు తగిలించిన లైసెన్సుకు తెలుసు.

ఇంత సులువైన విద్య తెలియక పూర్వం కొందరు నానా అవస్థ పడ్డారు. థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు మ్యూనిక్‌లో కూర్చుని పసికందుల మలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పెట్టి, 1885లో ఇ.కోలై సంగతి లోకానికి చెప్పాడు. 1897లో జపాన్‌లో కియోషి షిగా రక్త విరేచనాల క్రిమిని పట్టుకున్నాడు. వాళ్ల వీధి చివర మెడికల్ షాపు లేదు కాబోలు.

పోనీ, మన దగ్గర ఎవరైనా మలాన్ని కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపారే అనుకుందాం. అక్కడా చిక్కే. పేగు క్రిములకు సంక్రాంతికొచ్చిన కొత్తల్లుళ్లలా ఒక్కోదానికి ఒక్కో మర్యాద జరగాలి. కాంపిలోబాక్టర్‌కు 42 డిగ్రీల వేడి, బాగా తగ్గించిన ఆక్సిజన్ కావాలి. యెర్సీనియాకు చల్లదనం ఇష్టం, ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. దానికి వేరే మీడియం వాడాలి, ఫలానాదాని కోసం చూడమని డాక్టరు చీటీలో రాయాలి. రాయరు. రాయలేదు కాబట్టి ల్యాబు చూడదు. చూడలేదు కాబట్టి దొరకదు. దొరకలేదు కాబట్టి అది "చాలా అరుదు". ఆ యెర్సీనియా కుడివైపు పొత్తికడుపులో నొప్పి తెప్పించి అచ్చం అపెండిసైటిస్‌లా నటిస్తుంది. కొన్నిసార్లు పొట్ట కోసి చూస్తే అపెండిక్స్ నిక్షేపంలా ఉంటుంది. కోశాం కదా అని దాన్నీ తీసేస్తారు.

జ్వరం కూడా ఉంటే వైడాల్ ఉండనే ఉంది. 1896 నాటి టైఫాయిడ్ పరీక్ష. వేరేచోట్ల మూలన పడేసినా మనం పెద్దల ఆస్తిలా కాపాడుకుంటున్నాం. జ్వరం మొదలైన తొలిరోజుల్లో నిజంగా టైఫాయిడ్ ఉన్నా ఇది పట్టుకోలేకపోవచ్చు. ఎప్పుడో వచ్చిపోయినదాని ఆనవాలుకు ఇవాళ పాజిటివ్ అనొచ్చు. యాంటీబయాటిక్ వేయకముందే బ్లడ్ కల్చర్ చేయించండంటే "రిపోర్టుకి మూడు నాలుగు రోజులా?" అని తల్లిదండ్రులే గుడ్లురుముతారు. వైడాల్ సాయంత్రానికల్లా వస్తుంది. అబద్ధమైనా టైముకొస్తుంది.

ప్రతి విరేచనానికీ కల్చర్ కావాలని ఎవరూ అనలేదు. మామూలు నీళ్ల విరేచనాలకు ఓఆర్ఎస్, పది నుంచి పద్నాలుగు రోజులు జింక్, తల్లిపాలు, గంజి, మజ్జిగ చాలు. అంత చవక వైద్యం ఎవరికి గిట్టుతుంది? ఆ ఓఆర్ఎస్‌నైనా ప్రశాంతంగా ఉండనిచ్చారా! డబ్బాల నిండా పంచదార నీళ్లు పోసి పైన ఆ మూడక్షరాలే అచ్చేసి అమ్మారు. అంత తీపి పేగులోకి పోతే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్‌లో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసేయమంది. ఒక లేబుల్‌కే ఇంత కాలం పట్టింది. సీసాల జోలికి ఎప్పుడొస్తారో!

కల్చర్ కావాల్సింది మలంలో రక్తం పడ్డప్పుడు, వారాల తరబడి తగ్గనప్పుడు, బిడ్డకు రోగనిరోధక శక్తి లేనప్పుడు. రక్తం కథ చూడండి. షిగా పట్టుకున్న ఆ షిగెల్లా అయితే సరైన యాంటీబయాటిక్ పడాల్సిందే, ఆలస్యం పనికిరాదు. అదే రక్తం షిగా విషం చిమ్మే ఇ.కోలై వల్ల పడితే, యాంటీబయాటిక్ మేలు చేయకపోగా కీడు చేసే ప్రమాదం ఉంది. వారం తిరిగేసరికి ఎర్రకణాలు చితికిపోయి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీలు మొరాయించి, బిడ్డకు మూత్రం ఆగిపోవచ్చు. మన దగ్గర మొదటిదే ఎక్కువ కాబట్టి డాక్టరు ముందు మందు మొదలుపెడితే తప్పుపట్టలేం. మొదటి మోతాదుకు ముందు ఒక డబ్బాలో ఇంత మలం పట్టి పంపడానికి ఏమొచ్చింది? అది పంపరు. విరేచనాలు ఠక్కున ఆగాలని లోపెరమైడ్ మాత్రం అడిగి మరీ కొంటారు. పసిపిల్లలకు అది వేయకూడదని చెప్పినవాడు "పాతకాలం డాక్టరు".

ఇక సీసా స్వయంగా కనిపెంచే క్రిమి ఒకటుంది, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్. యాంటీబయాటిక్ పేగులోని మంచి బాక్టీరియాను ఊడ్చేశాక ఖాళీ ఇంట్లో చేరుతుంది. ముందు చేయాల్సింది వీలైతే ఆ మందు ఆపడం. మనవాళ్లు ఆపరు, "పవర్ సరిపోలేదు" అని ఇంకో మెట్టు పైమందు రాస్తారు. ఎప్పుడైనా గుర్తొచ్చి పరీక్ష చేయిస్తే ఆర్నెల్ల పాపకు చేయిస్తారు. ఏడాదిలోపు పిల్లల్లో చాలామంది పేగుల్లో అది ఏ హానీ చేయకుండానే ఉంటుంది. వెతకాల్సినచోట వెతకరు, వెతక్కూడనిచోట దొరికిందని పండగ చేసుకుంటారు.

ఇలా మూడు సీసాలు, రెండు ఇంజెక్షన్లు అయ్యాక బిడ్డను పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ ఎట్టకేలకు కల్చర్ పంపుతారు. చావగా మిగిలిన క్రిములు ప్లేటు మీద మొలకెత్తవు. "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు వస్తుంది. తండ్రి దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు, డాక్టరు కేసు షీటులో ఒక గీత గీస్తాడు, జిల్లాలో యెర్సీనియా కేసులు ఎప్పట్లాగే సున్నా.