కార్ల కంపెనీ వారి ఉమ్మడి కుటుంబం

పెద్ద కార్ల కంపెనీలో చేరిన కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని ఊళ్లోవాళ్లు అనుకుంటారు. పాపం, వాళ్లకేం తెలుసు? మొదటి రోజే ఏసీ హాల్లో కూర్చోబెట్టి హెచ్‌ఆర్ సారు అసలు సంగతి విప్పుతారు: "ఇవాళ్టి నుంచి మీరు మా కుటుంబ సభ్యులు." ఐటీఐ పాసై అనంతపురం నుంచో చిత్తూరు నుంచో శ్రీపెరుంబుదూరు బస్సెక్కిన వాడికి కళ్లు చెమరుస్తాయి. కన్నతండ్రి కూడా ఏనాడూ అంత ముద్దుగా మాట్లాడి ఉండడు.

కుటుంబమన్నాక వరసలుంటాయి కదా. పర్మినెంటు వాడు కన్నకొడుకు. ట్రెయినీ దత్తపుత్రుడు, దత్తత కాగితాలు మాత్రం ఎప్పుడూ 'ప్రాసెస్'లో ఉంటాయి. అప్రెంటిస్ చదువుకోవడానికి వచ్చిన మేనల్లుడు, అందుకే జీతం ఇవ్వరు, స్టైపెండు ఇస్తారు. కాంట్రాక్టు వాడు పెళ్లికొచ్చిన దూరపు చుట్టం. వడ్డించమంటారు గానీ పంక్తిలో కూర్చోమనరు. విదేశీ హెడ్డాఫీసు నుంచి దిగే పెద్దాయన సాక్షాత్తూ వియ్యంకుడు. ఆయన వస్తున్నారంటే షెడ్డు నేల మీది పసుపు గీతలకు సైతం కొత్త రంగు పడుతుంది.

వియ్యంకుణ్ణి పక్కన పెడితే మిగతా నలుగురూ బిగించే బోల్టు ఒకటే. జీతాల రోజునే వరసలు గుర్తుకొస్తాయి. ఒకే రకం పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి ఒకే జీతం ఇవ్వాలని 1971 నాటి కేంద్ర నిబంధనల్లోనే రాసుకున్నారు. రాసుకున్నది చదువుకోవడానికే అయినట్టుంది. దేశంలోని సంఘటిత కర్మాగారాల్లో ప్రతి ఐదుగురు కార్మికుల్లో ఇద్దరు కాంట్రాక్టు వాళ్లే. ఇంత మంది దూరపు చుట్టాలున్న ఉమ్మడి కుటుంబం పురాణాల్లో కూడా కనిపించదు.

ఇంటి క్రమశిక్షణ చూద్దాం. నిమిషానికో కారు దిగే లైన్లో ఒక్కో మనిషి పనికి దక్కేది ఆ నిమిషమే. మూత్రానికి వెళ్లాలంటే రిలీవరు రావాలి. రిలీవరు రావాలంటే సూపర్‌వైజరు దయ తలచాలి. లోపం కనబడితే ఎవరైనా లైను ఆపొచ్చని టయోటా వాళ్లు ఒక తాడు వేలాడదీశారు. ప్రపంచమంతా ఆ తాడును కాపీ కొట్టింది. లాగినవాణ్ణి కసరకుండా వినడం మాత్రం చాలాచోట్ల కాపీకి అందలేదు. వాళ్లదే ఇంకో పద్ధతి, ఏ తప్పు జరిగినా ఐదుసార్లు 'ఎందుకు' అని అడగడం. బోల్టు ఎందుకు వదులైంది? సరిగ్గా బిగించలేదు. ఎందుకు? కుర్రాడు కంగారుపడ్డాడు. ఎందుకు? లైను వేగం పెంచారు. ఎందుకు పెంచారు? సరిగ్గా అక్కడికి మీటింగు టైమ్ అయిపోతుంది. ఐదో 'ఎందుకు' మేనేజరు గది గుమ్మం దాటిన దాఖలా లేదు.

మూడు సెకన్లు మిగిల్చే ఉపాయం చెప్పినవాడికి సర్టిఫికెట్టు, నోటీసు బోర్డులో ఫొటో, స్టీలు టిఫిన్ బాక్సు. అలా మిగిల్చిన సెకన్లన్నీ కూడితే ఒక మనిషి మిగులుతాడు. ఆ మిగిలిన మనిషి తనే కావచ్చన్న సంగతి ఫొటో కింద రాయరు.

ఈ కుటుంబ ప్రేమ కొత్తదేం కాదు. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ గారి లైన్లో పని చేయలేక 1913లో జనం పారిపోయారు. పద్నాలుగు వేల మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో యాభై వేల పైచిలుకు మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. దాంతో 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు, 8 గంటల పని అని ప్రకటించి ఆయన దేవుడయ్యారు. కానీ అందులో సగానికి పైగా జీతం కాదు, బుద్ధిగా బతికేవాడికి లాభాల్లో వాటా. మరి బుద్ధి సంగతి తేల్చేదెవరు? కంపెనీ ఇన్‌స్పెక్టర్లు ఇళ్లకే వచ్చి తాగుతున్నాడా, దాచుకుంటున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని ఆరా తీసేవారు. కోడలి కాపురం చూడవచ్చిన అత్తగారికైనా మొహమాటం ఉంటుంది, వాళ్లకు లేదు. అదే కంపెనీ రూజ్ కర్మాగారం గేటు దగ్గర 1937 మే 26న సంఘం కరపత్రాలు పంచబోయిన వాళ్లను కంపెనీ మనుషులు చితకబాదారు. ఇంటి గుట్టు వీధిన పెడితే ఏ పెద్ద ఊరుకుంటాడు! 1941లో సమ్మె జరిగాక గానీ సంఘంతో ఒప్పందం మీద సంతకం పడలేదు.

ఆ వంశమే మన దేశంలోనూ కాపురం పెట్టింది. 2021 సెప్టెంబరు 9న, పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామంటూ సనంద్, చెన్నై కర్మాగారాల్లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 4,000 మంది ఉద్యోగాల మీద దెబ్బ పడింది. చెన్నై శివారు మరైమలై నగర్‌లో మరుసటి ఏడాది కూడా కార్మికులు పరిహారం కోసం పోరాడుతూనే ఉన్నారు.

నష్టమొస్తే కంపెనీ మూసుకోకూడదా? మూసుకోవచ్చు. అది వ్యాపారం, దానికి లెక్కలున్నాయి. మన పేచీ ఆ లెక్కతో కాదు. ఓవర్‌టైమ్ అడిగిన రోజున "ఇంట్లో పనికి కూలి అడుగుతావా?" అని చిన్నబుచ్చి, గేటు మూసే రోజున "కాంట్రాక్టులో ఏముందో చూసుకో" అని లాయరు చేత చెప్పించడంతో. ఇచ్చేటప్పుడు చట్టం, పుచ్చుకునేటప్పుడు చుట్టరికం!

అందుకే హెచ్‌ఆర్ సార్లకు ఒక మనవి. చుట్టరికాలకు మాకు ఊళ్లో కొదవ లేదు. పెళ్లిళ్లకు చదివించలేక చస్తున్నాం. మీరు మమ్మల్ని కార్మికులుగానే చూడండి చాలు. చేసిన పనికి సమానమైన జీతం, పర్మినెంటు ఉత్తర్వు, సంఘానికి గుర్తింపు, మధ్యలో ఓసారి బాత్రూముకు అనుమతి. ఈ నాలుగూ కాగితం మీద పెట్టి ఇవ్వండి. ప్రేమ మీ దగ్గరే ఉంచుకోండి, వియ్యంకుడు వచ్చినప్పుడు పనికొస్తుంది.