కాటా మీద వెయ్యి బండ్లు

మాది కలమల్ల. తెలుగులో మొట్టమొదటిదని చెప్పుకునే శాసనం మా ఊరి చెన్నకేశవస్వామి గుడిలోనే దొరికింది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575లో వేయించాడంటారు. ఆ రాతి మీద అక్షరాలు పద్నాలుగు వందల ఏండ్లు నిలిచాయి. నేను రాసిన పైథాన్ స్క్రిప్టు పావుగంట నిలవలేదు.

నేను ఒక లారీల ఆఫీసులో లెక్కలు చూస్తాను. థర్మల్ ప్లాంటు బూడిదను సిమెంటు ఫ్యాక్టరీలకు తోలే బండ్లు. కాటా తూకాలు రోజుకొక ఎక్సెల్ ఫైలు. మూడేండ్లవి వెయ్యికి పైనే ఉన్నాయి. ఏ బండి ఎన్ని టన్నులు తోలిందో తీసిమ్మన్నాడు మా ఓనరన్న.

ఒక్కో ఫైలు అర ఎంబీ. మొత్తం కలిపినా 500 ఎంబీ, మిషన్లో 8 జీబీ ర్యామ్ ఉంది, ఇదొక లెక్కా అనుకున్నాను. ఫైళ్లన్నీ తెరిచి ఒక లిస్టులో పేర్చి, ఆనక కూడుదామని నా ప్లాను. రెండు వందలు దాటేసరికి మిషన్ బిగుసుకుపోయింది.

తప్పు నాదని ఒక్క క్షణం కూడా తోచలేదు. "అన్నా, ర్యామ్ చాలడంలేదు" అన్నాను. పొద్దుటూరు పోయి ఇంకో 8 జీబీ తెచ్చి బిగించాను. ఈసారి ఐదు వందల దాకా పోయి పడింది. సిగ్గుపడాల్సింది పోయి, సగం దూరం వచ్చినాం కదా అని సంబరపడ్డాను!

ఎక్సెల్ ఫైలంటే లోపల జిప్పు చేసి నొక్కిన మూట. దాన్ని చదివే పైథాన్ లైబ్రరీ ఓపెన్‌పైఎక్సెల్‌తో మామూలుగా తెరిస్తే ఫైలు సైజుకు దాదాపు యాభై రెట్లు మెమరీ తింటుందని దాని మాన్యువల్‌లోనే రాసుంది. అంటే నాకు కావలసింది 25 జీబీ. చదివింటే కదా తెలిసేది. చదవకుండా, మెమరీ ఖాళీ అవుతుందని లూపులో డెల్ అని, జీసీ కలెక్ట్ అని మంత్రాలు వేశాను. డెల్ తీసేది పేరును మాత్రమే. వర్క్‌బుక్కేమో నా లిస్టులో హాయిగా కూర్చునే ఉంది.

ఆ సాయంత్రం కాటా దగ్గర ఒక డ్రైవరు తొందరపడి ముందు బండి వెనకే ఎక్కించబోయాడు. కాటా అతను కేకేశాడు: "ఆ బండి దిగనీ సామీ! నీ ముందు చక్రాలు గూడా తూగుతాండాయి!"

టీ గ్లాసు అక్కడే పెట్టి లోపలికి పోయాను. రీడ్ ఓన్లీలో ఒక ఫైలు తెరవడం, బండి నెంబరు, టన్నులు తీసి కూడికలో కలపడం, క్లోజ్ చేయడం, తర్వాతి ఫైలు. ఆ క్లోజ్ మనమే చెప్పాలి, రీడ్ ఓన్లీలో అది తనంతట తాను మూసుకోదు. వెయ్యి ఫైళ్లూ అయిపోయాయి. మెమరీ 200 ఎంబీ కూడా దాటలేదు.

"ఏం అబ్బీ, ర్యామ్ బాగా పనిచేసినట్టుందే" అన్నాడు అన్న.

"ఔన్నా" అన్నాను.

నిన్న పక్క ఆఫీసాయన ఫోన్ చేశాడు. ఆ ర్యామ్ ఏ కంపెనీది, ఎంతకిచ్చారని.