అమెరికా ఫ్రిజ్జుకు మావయ్య వైద్యం

మనవడి పుట్టినరోజుకని టెక్సాస్ వెళ్తారు. వెళ్ళిన మూడో రోజున అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్జు ఐసు ఇవ్వడం మానేస్తుంది. అల్లుడు పైగదిలో ఆఫీసు మీటింగులో ఉంటాడు. ఇదే అదను. ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో చేసి రిటైరైనవాణ్ణి, నా మాట నమ్మండి. ఐసు మేకరు మొరాయించిందంటే తప్పు సెన్సారుదే. నీళ్ళ కుళాయి తెరిచుందా, ఫిల్టరు మార్చి ఆర్నెల్లు దాటిందా లాంటివి మెకానిక్కులు కాలక్షేపానికి అడిగే ప్రశ్నలు.

ముందు తలుపు మీద అంకె చూడండి. ఫ్రీజరుకు 0 అని ఉంటుంది. సున్నా దగ్గర నీళ్ళు గడ్డకట్టాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటాయని చిన్నప్పుడే చదువుకున్నాం. జబ్బు దొరికేసింది. అది ఫారెన్‌హీటు అనీ, మన లెక్కలో మైనస్ 18 అనీ అల్లుడు చెబుతాడు. మర్యాదగా వినండి. ఊళ్ళో మన పాత ఫ్రిజ్జు మీట గుర్తుందిగా, ఎండాకాలం 7లో పెడితే పెరుగు కూడా రాయైపోయేది. ఆ లెక్కనే ఇక్కడా 0ని 7 చేసేయండి. "చలి తగ్గించేశారు మావయ్యగారూ, మైనస్ 14కి వచ్చింది" అని అతను నసుగుతాడు. అంకె పెంచితే చలి తగ్గడమేమిటి, విడ్డూరం కాకపోతే!

ఆపైన ఐదు నిమిషాలకోసారి తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి చూస్తూ ఉండండి. ఒక వాయి ఐసు దిగడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుందట. ఇడ్లీ వాయి పన్నెండు నిమిషాల్లో దించుతుంది మా ఆవిడ. దగ్గర మనిషి నిలబడకపోతే ఏ పనైనా ఇంతే.

ఐసు పడే డబ్బా మీదికి ఒక ఇనప తీగ వంగి ఉంటుంది. చేతికి అడ్డం. పైకి లేపేయండి. టిక్కుమంటుంది, అంటే కుదురుకుందన్నమాట.

ఇక అసలు దొంగ. ఐసు అచ్చు అడుగున, స్పాంజి ముక్క చాటున, రెండు సన్నటి వైర్ల కొసన మిరియపు గింజంత ఉంటాడు. ప్లగ్గు పీకే పని పెట్టుకోకండి, అంత ఫ్రిజ్జు జరిపితే నడుం పడుతుంది. (నా విషయంలో అమ్మాయి పరుగున వెళ్ళి బ్రేకరు ఆపేసింది. పిరికిపిల్ల.) మంచు పట్టి రాకపోతే అట్లకాడతో పొడవండి. గోడ వెనక గ్యాసు గొట్టాలున్నాయని కేకలేస్తారు. కనబడని గొట్టాల గురించి మనకెందుకు? ఆ స్పాంజిని మాత్రం తప్పకుండా పారేయండి. ఫ్రీజరు గాలి తగలకుండా, అచ్చు చల్లదనం ఒక్కటే సెన్సారుకు తెలియడానికి దాన్ని పెట్టారనీ, తీసేస్తే నీళ్ళు గడ్డకట్టకముందే అయిపోయిందనుకుని డబ్బాలో కుమ్మరిస్తుందనీ అల్లుడి వాదన. నేనది ఫ్యాక్టరీవాళ్ళు తీయడం మరిచిన ప్యాకింగనే అంటాను.

పరీక్ష అల్లుడి చేతే చేయించాను. గదిలో మీటరు 10 వేల ఓమ్‌లు చూపించింది. పక్కింటి నుంచి తెచ్చిన ఐసు గ్లాసులో వేసి, నీళ్ళు పోసి, చెంచాతో తిప్పి, అందులో సెన్సారు ముంచాడు. అంకె 15 దాటింది, 20 దాటింది, 30 దాటింది. చివరికి 32 వేల దగ్గర నిలబడింది. "కరెక్టుగా ఉంది మావయ్యగారూ" అన్నాడు తృప్తిగా.

నవ్వొచ్చింది. రాగి తీగ చల్లబడితే రెసిస్టెన్సు తగ్గుతుంది. నా సర్వీసంతా తీగల మధ్యే గడిచింది. ఇదేమో చల్లబడేకొద్దీ పెరుగుతోంది! చెడిందనడానికి ఇంకేం రుజువు కావాలి? దీన్ని థర్మిస్టరు అంటారనీ, తలకిందులుగా నడవడమే దీని గుణమనీ, నిజంగా పోతే మీటరులో అంకే రాదనీ లేదా సున్నాకి పడిపోతుందనీ ఏదేదో చెప్పాడు. సాఫ్ట్‌వేరు పిల్లాడు, పాపం.

కొత్తది తెప్పించాం. చలిలో ముంచితే అదీ పెరిగింది! వాపసు చేయించాను. వాళ్ళ దగ్గరున్న సరుకంతా ఇలాంటిదే అయ్యుంటుందని అల్లుడికి చెప్తే, ఏమీ అనకుండా కారు తాళాలు తీసుకుని బయటికెళ్ళాడు. బంకులో అమ్మే 10 పౌన్ల ఐసు సంచి తెచ్చి డబ్బా నిండా పోశాడు. పైకి లేపిన ఆ తీగ కిందికి దిగడానికి ఇప్పుడు చోటే లేదు. దిగితే మాత్రం దానివల్ల ఒరిగేదేముంది? మూడో సెన్సారు గురువారం వస్తుంది.