కూతోన్ గారి కుర్చీని

నాకు మెట్లెక్కడం రాదు. నున్నటి నేల దొరికితే చాలు, చేతుల మీది పిడులు తిప్పగానే పళ్లచక్రాలు కదిలి, తిరగలిలా గరగరమంటూ ముందుకు సాగుతాను. ఆ పిడులు తిప్పిన చేతులు జార్జ్ కూతోన్‌వి. విప్లవకాలపు ఫ్రాన్స్‌ను శాసించిన ప్రజా భద్రతా సంఘంలో రోబెస్పియర్ పక్కన కూర్చున్న మనిషి. కూర్చున్నది నా మీదే లెండి.

1755లో ఓవెర్న్ ప్రాంతంలోని ఓర్సే అనే ఊళ్లో పుట్టారు. క్లెర్మోంలో వకీలు. డబ్బులేని కక్షిదారుల తరఫున వాదిస్తారని, మెతక మనిషని పేరు. కాళ్లు ఒక్కసారిగా పోలేదు, మెల్లమెల్లగా పడిపోయాయి. 1791లో శాసనసభకు, మరుసటి ఏడు కన్వెన్షన్ అనే సభకు ఎన్నికయ్యారు. 1793 జనవరిలో పదహారో లూయీకి మరణశిక్షే వెయ్యాలని ఓటేశారు. మెట్లు ఎదురైతే నా పని అక్కడితో సరి. దేశానికి ఆజ్ఞలిచ్చే మనిషిని ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే.

లియోన్ సంగతి చెప్పాలి. తిరగబడ్డ ఆ నగరం 1793 అక్టోబరులో లొంగింది. దాన్ని కూల్చెయ్యమని కన్వెన్షన్ ఆజ్ఞ. ఈయన బెల్కూర్ మైదానానికి మోయించుకుని వెళ్లి, ఓ మేడ గోడను చిన్న సుత్తితో తట్టి, చట్టం పేరిట దానికి శిక్ష వేశారట. తంతు ఘనంగానే జరిగింది, కూల్చివేత మాత్రం నత్తనడక నడిచింది. ఆ పని మనసొప్పక, తనను అక్కణ్ణుంచి మార్చమని పారిస్‌కు రాసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన కోలో దెర్బువా, ఫూషేలు మనుషులను గుంపులుగా నిలబెట్టి ఫిరంగులతో పేల్పించారు. ఇంతవరకూ మా అయ్యగారి పక్షాన మాట్లాడగలను.

1794 జూన్ 10 దగ్గర నా నోరు పడిపోతుంది. ఆ రోజు సభ ముందు ఆయన పెట్టిన చట్టం నిందితుడికి వకీలు ఉండడంది, సాక్షులు లేకున్నా ఫరవాలేదంది. తీర్పులు రెండే: విడుదల, కాకుంటే మరణం. బీదల వకాల్తా పట్టిన మనిషి చేసిన పని ఇది! తర్వాతి ఏడు వారాల్లో ఒక్క పారిస్‌లోనే 1300 మందికి పైగా తలలు తెగాయి.

జూలై 27న సభ ఎదురు తిరిగింది. తమ శవాలను మెట్లుగా చేసుకుని కూతోన్ సింహాసనం ఎక్కాలని చూస్తున్నాడని సభ్యుడు ఫ్రెరోన్ నిందించాడు. ఈయన తన కాళ్ల వంక చూసుకుని, సింహాసనం ఎక్కేది నేనా అన్నారట. ఆ రాత్రే పురభవనం మెట్ల మీంచి పడి తల పగిలింది. మర్నాడు విచారణ లేదు. చట్టబాహ్యులని ప్రకటించారు కాబట్టి, మనిషి అతనేనని పోల్చుకుంటే చాలు. రోబెస్పియర్‌తో కలిపి 22 మందిని గిలెటిన్ ఎక్కించారు. ముడుచుకుపోయిన ఆ ఒంటిని బల్ల మీద సర్దడానికి పావుగంట పట్టిందని చెబుతారు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు.

నేను ఇప్పుడు పారిస్‌లోని కార్నవలే మ్యూజియంలో ఉన్నాను. ఆయన తెచ్చిన చట్టాన్ని మాత్రం కన్వెన్షన్ ఎక్కువ రోజులు ఉంచుకోలేదు, ఆయన పోయిన నాలుగు రోజులకే, ఆగస్టు 1న రద్దు చేసింది.