గ్రౌండుకి వెళ్లేవాళ్లు వినకూడని ఏడు సలహాలు

తెల్లారకముందే టెక్కలి, పలాస మైదానాల్లోనూ, బారువ ఇసుకలోనూ, హైవే పక్క రోడ్ల మీదా పరిగెత్తే పిల్లల్లో చాలామందికి కావలసింది ఆర్మీ ఉద్యోగం, కాకపోతే పోలీసు ఉద్యోగం. రెండింటికీ 1600 మీటర్ల పరుగు దాటాలి. ఎలా పరిగెత్తాలో చెప్పేవాళ్లు కొందరే. ఏం తినాలో మాత్రం ప్రతి ఒక్కరూ చెబుతారు. అందులో చాలా సలహాలు తప్పు.

వేరే ఊళ్లో ఆ తప్పుకు నాలుగు సెకన్లు పోతాయి. ఉద్దానంలో అంతటితో ఆగకపోవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. దానికి కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. నీటిలోని సిలికా, పురుగు మందులు, ఎండలో ఒంట్లోని నీరు పోవడం, నొప్పి మాత్రలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. వీటిలో చివరి రెండూ పరిగెత్తేవాడి చేతిలో ఉన్నవే. అందుకే ఈ ఏడు సలహాలు ఎవరు చెప్పినా పక్కన పెట్టండి.

1. "ఏటీ తినకుండా పరిగెట్టు, ఒళ్లు తేలిగ్గుంటాది"

మనం నిద్రపోతున్నా మెదడు పని ఆగదు. కాలేయం దాచుకున్న గ్లైకోజెన్‌ను రాత్రంతా అది వాడుకుంటూనే ఉంటుంది. తెల్లారేసరికి ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. అరగంట తేలిక జాగింగుకి ఖాళీ కడుపుతో వెళ్లినా ఫరవాలేదు. 400 మీటర్ల చుట్లు గట్టిగా కొట్టే రోజు, వాచీ పట్టుకుని టైము చూసుకునే రోజు మాత్రం అలా వెళ్లకూడదు. గంట ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, గ్లాసుడు పల్చటి చోడి అంబలో చాలు. కడుపునిండా అన్నం తింటే మూడు గంటలు ఆగాలి.

2. "గుప్పెడు జీడిపప్పు నమిలి వెళ్లు, బలం"

పలాసలో పుట్టి జీడిపప్పు వద్దనడం కష్టమే. నేను వద్దనేది వేళను మాత్రమే. 100 గ్రాముల జీడిపప్పులో ప్రొటీన్ సుమారు 18 గ్రాములుంటే కొవ్వు సుమారు 44 గ్రాములుంటుంది. కొవ్వు కడుపులోంచి త్వరగా కదలదు. రెండో చుట్టులో వచ్చే వికారానికి చాలాసార్లు అదే కారణం. పూరీ, బజ్జీ, నూనె కారే అట్టు కూడా అంతే. జీడిపప్పు సాయంత్రం తినండి. బరువు పెరగాల్సిన బక్కపలచటి కుర్రాళ్లకు అది మంచి తిండి.

3. "నీళ్లు తాగి పరిగెడితే పక్కపోటు వస్తాది"

లీటరు నీళ్లు ఒక్కసారి తాగేసి పరిగెడితే వస్తుంది, నిజమే. అందుకని అసలు తాగకుండా వెళ్లడం ఈ ఏడింటిలోనూ చెడ్డ సలహాల్లో ఒకటి. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే గాని ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందువల్ల మరింత చెమట పోతుంది. పరుగుకు రెండు గంటల ముందు రెండు గ్లాసులు తాగండి. అంత ముందు లేవలేకపోతే లేవగానే ఒక గ్లాసు తాగి, తర్వాత గుక్కగుక్కగా పట్టించండి. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరు నుంచి లీటరున్నర వరకూ తాగాలి. వట్టి నీళ్లే అయితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పేసిన గంజి, ఓఆర్‌ఎస్, వీటిలో ఏదైనా పనికొస్తుంది. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఒంట్లో నీరు చాలడం లేదని అర్థం.

4. "ఒళ్లు నొప్పులా? ఓ మాత్ర వేసుకుని పరిగెట్టు"

ఈ సలహా ఇచ్చేవాళ్లకు దూరంగా ఉండండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు నొప్పి తగ్గించేది వాటిని అడ్డుకునే. చెమటతో ఎండిపోయిన ఒంట్లో ఆ మాత్ర పడితే కిడ్నీకి ఉన్న ఆసరా కూడా పోతుంది. నొప్పి ఉన్న రోజు పరుగు మానేయండి. కండరాలు కోలుకోవడానికి నిద్ర కావాలి, తిండి కావాలి. నాలుగైదు రోజులైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. మందుల షాపులో మీరే అడిగి కొనుక్కోవద్దు.

5. "డబ్బా పౌడరు లేకపోతే కండ రాదు"

కష్టపడి సాధన చేసేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల కుర్రాడికి 72 నుంచి 96 గ్రాములన్న మాట. మూడు గుడ్లలో 18, వంద గ్రాముల చేపలో మరో 18, రెండు పూటల పప్పులో 14, యాభై గ్రాముల వేరుశనగల్లో 12, రోజంతా తినే అన్నంలో 20 వస్తాయి. మొత్తం 82. ఇదంతా మన ఊళ్లో, మన సంతలో దొరికే సరుకే. మాంసం ముట్టనివాళ్లు దిగులు పడనక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు శాకాహారే. గుడ్లు, చేపలకు బదులు పాలు, పెరుగు, ఉలవలు, శనగలు పెంచుకోండి. పౌడరు విషం కాదు. కానీ ఇంట్లో కిడ్నీ రోగి ఉన్న కుర్రాడు పరీక్ష చేయించుకోకుండా పౌడరో, క్రియాటినో మొదలుపెట్టకూడదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు చాలాసార్లు ప్రొటీన్ తగ్గించమని చెబుతారు.

6. "కొబ్బరి నీళ్లు ఎవరు ఎంత తాగినా మంచివే"

ఉద్దానం కొబ్బరి బొండం ఆరోగ్యంగా ఉన్నవాడికి పరుగు తర్వాత మంచి పానీయం. అందులో ఉప్పు తక్కువ, పొటాషియం ఎక్కువ. బాగున్న కిడ్నీ ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. గ్రౌండు నుంచి తెచ్చిన బొండాన్ని ఇంట్లో డయాలిసిస్ చేయించుకుంటున్న నాన్నకో, మావయ్యకో ప్రేమగా ఇచ్చేముందు వాళ్ల డాక్టరును అడగండి. అరటిపండు విషయంలోనూ అంతే.

7. "పరుగైన అరగంటలో తినకపోతే అంతా వృథా"

కండరం అంత తొందరపెట్టదు. గంట, రెండు గంటల్లో మంచి భోజనం చేస్తే సరిపోతుంది. రోజు మొత్తం మీద ఎంత తిన్నామన్నదే లెక్క. సాయంత్రం మళ్లీ గ్రౌండుకి వెళ్లేవాళ్లు మాత్రం ఆలస్యం చేయకూడదు. పెరుగేసిన చద్దన్నం, ఉల్లిపాయ, రెండు ఉడికించిన గుడ్లు తింటే పిండి పదార్థం, ప్రొటీన్, నీరు, ఉప్పు అన్నీ వచ్చేస్తాయి. పనస కాలంలో నాలుగు తొనలు కూడా వేసుకోండి. సెలెక్షన్ రోజున కొత్త తిండి, కొత్త డ్రింకు జోలికి పోవద్దు. నెల రోజులుగా ఏది తిని పరిగెత్తారో ఆ రోజూ అదే తినండి.

ఈ ఏడూ వదిలేశాక చేయాల్సిన పని ఒకటుంది. సాధన మొదలుపెట్టేముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ముందు రోజు గట్టి పరుగు, మాంసం వద్దు. వాటివల్ల అంకె కొంచెం పెరిగి కనిపించవచ్చు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, పరుగుకు అడ్డు రాదు, అందుకే ఒంట్లో ఉన్నట్టు తెలియదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. కిడ్నీ వైద్యానికి ఒకప్పుడు విశాఖ దాకా వెళ్లాల్సి వచ్చేది, ఇప్పుడు అది పక్కనే ఉంది. గ్రౌండులో పిల్లలకు శిక్షణ ఇచ్చే అన్నలకు నా విన్నపం: మీ దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాణ్నీ, ప్రతి ఆడపిల్లనూ ముందు ఈ పరీక్షకు పంపండి, స్టాప్‌వాచీ ఆ తర్వాతే తీయండి.